ఉప్పునీటిలో పన్నెండు గంటలు

పుట్టుకకు ముందు: ఏడవ భాగం

కిందటి రెండు భాగాలూ కోడిగుడ్డు చుట్టూనే తిరిగాయి. అరిస్టాటిల్ పొదుగు గుడ్లను రోజుకొకటి పగలగొట్టి లోపలి మార్పులు రాసుకున్న నాటి నుంచి, 1817కూ 1829కీ మధ్య పాండర్, ఫాన్ బేయర్, రాత్కే అనే ముగ్గురు పిండశాస్త్రానికి పునాది వేసిన దాకా వచ్చాం. కోడిగుడ్డుతో ఒక వెసులుబాటు ఉంది. పెట్టిన కోడి ఎదురుగానే తిరుగుతుంటుంది, వచ్చేది కోడిపిల్లేనని ముందే తెలుసు. సముద్రంలో ఆ వెసులుబాటు లేదు. రొయ్య తల్లి గుడ్లను నీళ్లలోకి వదిలి తన దారిన వెళ్లిపోతుంది. ఆ గుడ్డు కంటికి ఆనదు. అందులోంచి బయటికొచ్చేది తల్లిని ఏ విధంగానూ పోలి ఉండదు, నాలుగు రోజులు గడిస్తే తన మొదటి రోజు రూపాన్ని కూడా పోలి ఉండదు. అలాంటి జీవి పుట్టుకను ఆసాంతం చూడడానికి మనిషికి దాదాపు నూట యాభై ఏళ్లు పట్టింది. ఐర్లండులో ఊపందుకుని, బ్రెజిల్ మీదుగా జపాన్ చేరిన ఆ కథ ఇప్పుడు మన నెల్లూరు తీరంలో రోజూ రాత్రిపూట జరుగుతోంది.

కావలి దగ్గరి తుమ్మలపెంట నుంచి ఇస్కపల్లి, మైపాడు, కృష్ణపట్నం, తూపిలిపాలెం దాటి పులికాట్ సరస్సు దాకా పాత నెల్లూరు జిల్లా తీరమంతా నడిచి చూడండి. బకింగ్‌హామ్ కాలువ పక్కన, కండలేరు వెంట, ఉప్పుటేరుల ఒడ్డున రొయ్యల గుంటలు కనిపిస్తాయి. సముద్రానికి ఇంకా దగ్గరగా, ఇసుక మీద, రొయ్య పిల్లలను పుట్టించే హేచరీల రేకుల కప్పులు కనిపిస్తాయి. వాటిలో పనిచేసే కుర్రాళ్ల మాటలు వినండి. నాప్లి ఎప్పుడు దించారు, జోయా గట్టెక్కిందా, మైసిస్‌లో ఎంత పోయింది, పీఎల్ పది ఎప్పటికి వస్తుంది. పదో తరగతి దాటని పిల్లలు కూడా ఈ మాటలను ఇంటి పేర్లంత సహజంగా వాడతారు. ఒక్కో మాట వెనక ఒక్కో శాస్త్రవేత్త జీవితం ఉంది, ఒక్కో వివాదం ఉంది. ఈ తీరంలో లక్షల మంది బతుకు ఆధారపడింది ఆ రొయ్య గుడ్డులోని మొదటి పన్నెండు గంటల మీద అని నేను నమ్ముతున్నాను. ఆ పన్నెండు గంటల సంగతి ముందు చెప్పుకుందాం.

రొయ్యల్లో రెండు రకాల తల్లులున్నాయి. మంచినీటి రొయ్య తల్లి గుడ్లను పొట్ట కింద కాళ్ల మధ్య ఇరికించుకుని మూడు వారాల దాకా మోస్తుంది, కాళ్లు ఆడిస్తూ వాటికి గాలి తగిలేలా చూస్తుంది. మన గుంటల్లోని టైగర్, వెనామీ, తెల్ల రొయ్య పెనాయిడ్ అనే ఇంకో కుదురుకు చెందినవి. ఇవి గుడ్లను మోయవు. మగ రొయ్య ఇచ్చిన బీజాన్ని ఆడది పొట్ట అడుగున అట్టిపెట్టుకుంటుంది. గుడ్లు పండాక, సాధారణంగా రాత్రిపూట, ఈదుతూ ఈదుతూ గుడ్లనూ బీజాన్నీ ఒకేసారి నీళ్లలోకి వదిలేస్తుంది. రెండూ కలిసేది తల్లి ఒంటి బయట, ఉప్పునీటిలోనే. అందుకే హేచరీలో సాయంత్రం టార్చి పట్టుకుని తల్లి రొయ్యల వీపులు చూస్తారు. పెంకు లోంచి అండాశయం పట్టీలాగా కనిపిస్తుంది. టైగర్‌లో అది ముదురు ఆకుపచ్చ, వెనామీలో నారింజ రంగు. పండిన తల్లిని ఆ రాత్రికి వేరే తొట్టిలోకి మారుస్తారు. వెనామీ అయితే ఒక్కసారికి లక్ష నుంచి రెండున్నర లక్షల గుడ్లు పెడుతుంది. టైగర్ అంతకంటే ఎక్కువ పెట్టగలదు.

ఒక్కో గుడ్డు పావు మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ. అది ఉప్పునీటిని తాకిన క్షణంలో జరిగేది ఈ శాస్త్రంలోనే అపురూపమైన దృశ్యం. గుడ్డు అంచున సన్నటి కడ్డీల్లాంటివి దాచి ఉంటాయి. నీళ్లు తగలగానే అవి ఒక్కసారిగా చుట్టూ బయటికి పొడుచుకొచ్చి, నిమిషాల్లో కరిగి, గుడ్డు చుట్టూ జిగురు పొరగా మారతాయి. ఈ పనికి మీట నొక్కేది సముద్రపు నీటిలోని మెగ్నీషియమని కాలిఫోర్నియాలో వాలిస్ క్లార్క్, ఆయన సహచరులు 1980ల్లో తేల్చారు. తర్వాత గుడ్డు చుట్టూ ఇంకో గట్టి పొర ఏర్పడుతుంది, దాని లోపల విభజన మొదలవుతుంది. ఒకటి రెండు, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది. కణాలు ముప్పై రెండు అయ్యేసరికి వాటిలో రెండు మాత్రం ఆగిపోతాయి. తోటి కణాలు విడిపోతున్నా అవి విడిపోవు. కాసేపటికి ఆ రెండూ మెల్లగా లోపలికి జారతాయి. పేగు, కండరాల్లో కొంత ఆ రెండింటి సంతతి నుంచి వస్తాయి. కోడి పిండంలో ఈ పనికి వేల కణాలు బారులు తీరి లోపలికి దిగుతాయని మనం ఐదో భాగంలో చూశాం. రొయ్యలో ఆ పని రెండింటితోనే మొదలవుతుంది.

అక్కడి నుంచి వేగం పెరుగుతుంది. మూడు జతల కాళ్ల మొలకలు కనిపిస్తాయి. నుదుటి మధ్య ఒంటి కన్ను ఎర్రటి చుక్కలా తేలుతుంది. పిండం పొరలోపల మెలికలు తిరగడం సూక్ష్మదర్శినిలో స్పష్టంగా కనిపిస్తుంది. నీళ్లు ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది డిగ్రీలుంటే, పెట్టిన పన్నెండు గంటల నుంచి పదహారు గంటల మధ్య వెనక ముళ్లతో పొరను చీల్చుకుని బయటపడుతుంది. అదే నాప్లియస్, మన హేచరీ భాషలో నాప్లి. దానికి నోరు పనిచేయదు, మేత అక్కర్లేదు, గుడ్డులో తల్లి పెట్టి పంపిన సొన మీదే ఒకటిన్నర, రెండు రోజులు బతుకుతుంది. వెలుతురు వైపు ఈదుతుంది. అందుకే హేచరీల్లో తొట్టి మీద దీపం పెట్టి, పైకి వచ్చిన బలమైన నాప్లిని మాత్రమే తీసుకుంటారు, అడుగున పడి ఉన్నవాటిని వదిలేస్తారు. నాప్లి ఐదారుసార్లు రూపు మార్చుకుని జోయా అవుతుంది. జోయాకు ఆకలి పుడుతుంది, సూక్ష్మమైన నాచు కావాలి. జోయా మూడు మెట్లు దాటి మైసిస్ అవుతుంది. మైసిస్ తల కిందులుగా వేలాడుతూ వెనక్కి ఈదుతుంది. ఇంకో మూడు మెట్లు దాటాక రొయ్య రొయ్యలాగా కనిపిస్తుంది. అప్పుడు దాన్ని పీఎల్ అంటారు. గుడ్డు నుంచి ఇక్కడికి సుమారు పది రోజులు.

ఇదంతా ఒకే జీవి అని మొదట ఎవరికీ తెలియదు. 1785లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఓటో ఫ్రీడ్రిక్ ముల్లర్ ఒంటి కన్ను, మూడు జతల కాళ్లున్న సూక్ష్మజీవులను చూసి, అవి పూర్తిగా ఎదిగిన ప్రత్యేక జాతి అనుకున్నాడు. గ్రీకు పురాణాల్లోని నావికుడి పేరు తీసుకుని నాప్లియస్ అన్నాడు. 1802లో ఫ్రాన్సులో బోస్క్ తల మీద పొడవాటి ముల్లున్న ఇంకో సూక్ష్మజీవిని చూసి, దాన్నీ వేరే జాతి అనుకుని జోయా అన్నాడు. మైసిస్ మాత్రం నిజంగానే ఉన్న ఒక చిన్న సముద్ర జీవి పేరు. రొయ్య పిల్ల ఒక దశలో అచ్చం దానిలా ఉండడంతో ఆ పేరు తర్వాత ఆ దశకు అంటుకుంది. అంటే జంతుశాస్త్ర గ్రంథాల్లో పిల్లలు ఒక చోట, తల్లులు మరో చోట వేర్వేరు వంశాలుగా నమోదయ్యారు.

ఆ లెక్కను తిరగరాసినవాడు జాన్ వాన్ థాంప్సన్. ఐర్లండులోని కార్క్‌లో సైనిక వైద్యుడు. పెద్ద ప్రయోగశాల లేదు, హోదా లేదు. పడవ వెనక సన్నటి గుడ్డతో చేసిన వల కట్టి సముద్రపు నీటిని వడగట్టి, దొరికిన ప్రాణులను గాజు పాత్రల్లో బతికించుకుని చూసేవాడు. ఆయన పెట్టుకున్న జోయా పొర విడిచి మరో రూపంలోకి మారింది. పీత గుడ్లు పొదిగితే వాటిలోంచి జోయాలు వచ్చాయి. 1828 నుంచి సొంత ఖర్చుతో ఆ సంగతులను అచ్చు వేశాడు. 1830లో మరో గట్టి దెబ్బ కొట్టాడు. పడవల అడుగున, రాళ్ల మీద అంటుకుని ఉండే తెల్లటి గుల్లలు, అప్పటిదాకా అందరూ నత్తల కుటుంబమనుకున్నవి, చిన్నప్పుడు రొయ్య పిల్లల్లాగే ఈదుతాయనీ, కాబట్టి అవి రొయ్య, పీతల బంధువులేననీ చూపించాడు. పెద్దయ్యాక ఉన్న రూపం చూసి కాదు, పుట్టుక చూసి చుట్టరికం తేల్చాలన్న పద్ధతికి ఇది తొలి పెద్ద ఉదాహరణల్లో ఒకటి. డార్విన్ 1846 నుంచి 1854 దాకా ఎనిమిదేళ్లు ఆ గుల్లల మీదే కూర్చున్నాడంటే థాంప్సన్ తెరిచిన తలుపే కారణం.

అయితే థాంప్సన్ మాటను చాలామంది ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడానికి వాళ్లకు మంచి కారణం ఉంది, అందుకే ఈ వివాదం నాకు ఎంతో ఇష్టం. మన పాత పరిచయస్తుడు రాత్కే 1829లో మంచినీటి క్రేఫిష్ పిండం మీద ఒక గొప్ప గ్రంథం రాశాడు. క్రేఫిష్ పిల్ల గుడ్డులోంచి వచ్చేటప్పటికే దాదాపు తల్లి పోలికలతో ఉంటుంది. జోయా లేదు, నాప్లి లేదు, ఏ వేషమూ లేదు. 1835లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వెస్ట్‌వుడ్ అనే శాస్త్రవేత్త నేల మీద బతికే పీత పిండాలను పరీక్షించి, వాటిలోనూ రూపాంతరం లేదని ప్రకటించాడు. అదే ఏడాది అదే పత్రికలో థాంప్సన్ తీరపు పీత రెండుసార్లు రూపు మారడాన్ని వివరించాడు. ఇద్దరూ చూసినదే రాశారు. ఇద్దరూ నిజమే రాశారు.

తేడా గుడ్డులో ఉంది. నదిలో, నేల మీద బతికే ఇలాంటి తల్లి కొద్ది గుడ్లే పెడుతుంది, వాటిలో సొన దండిగా నింపుతుంది. రూపాంతరమంతా ఆ సొన తింటూ గుడ్డు లోపలే జరిగిపోతుంది. సముద్రపు తల్లి లక్షల గుడ్లు పెడుతుంది, ఒక్కోదానికి సొన పిసరంత. కాబట్టి పిండం సగంలోనే బయటికి వచ్చి తన తిండి తాను వెతుక్కోవాలి. ఒక జీవి పుట్టుకకు ముందు చేసే పనిని మరో జీవి పుట్టుక తర్వాత చేస్తుంది. పిండానికీ పిల్లకూ మధ్య గీత ఎక్కడ గీయాలన్నది ఆ తల్లి ఇచ్చిన సొనను బట్టి ఉంటుంది. ఈ శీర్షికలో రొయ్య పిల్లల గురించి ఎందుకు అని అడిగేవారికి నా జవాబు ఇదే. నాప్లి నీళ్లలో ఈదుతున్న పిండం. తర్వాత రాత్కే కూడా సముద్రపు జాతుల్లో రూపాంతరం ఉందని ఒప్పుకున్నాడు. థాంప్సన్‌కు మాత్రం గుర్తింపు ఆలస్యంగానే దక్కింది. 1835లోనే ఆయన్ను ఆస్ట్రేలియాకు, అక్కడి ఖైదీల వైద్య వ్యవహారాలు చూసే ఉద్యోగానికి పంపారు. 1847లో సిడ్నీలో చనిపోయాడు.

థాంప్సన్ చూసింది పీతలను. మన రొయ్యల సంగతి తేల్చింది ఇంకో ముల్లర్. ఫ్రిట్జ్ ముల్లర్ జర్మనీలో చదివి, మతాధికారుల ఒత్తిడికి లొంగని స్వేచ్ఛాలోచనతో 1852లో కుటుంబంతో బ్రెజిల్ వలస వెళ్లి, బ్లూమెనావు అడవిలో చెట్లు కొట్టి సేద్యం చేసుకున్నాడు. తర్వాత తీరంలోని డెస్టెర్రో పట్టణంలో బడి పంతులయ్యాడు. అక్కడే సముద్రపు నీటిలో అతి చిన్న నాప్లియస్‌లను పట్టాడు. వాటి నుంచి జోయా దాకా, జోయా నుంచి మైసిస్ రూపం దాకా, దాని నుంచి చిన్న రొయ్య దాకా మెట్టు మెట్టుగా నమూనాలు పేర్చుకుంటూ పోయాడు. పీతల పిల్లలు జోయాగా పుడతాయని తెలుసు. పెనాయిడ్ రొయ్యలు అంతకంటే ముందు మెట్టులో, నాప్లియస్‌గా పుడతాయన్నది కొత్త సంగతి. 1864లో ఆయన దీన్ని డార్విన్‌కు సమర్థనగా ఒక చిన్న పుస్తకంగా జర్మనీలో అచ్చు వేయించాడు. డార్విన్‌కు అది ఎంత నచ్చిందంటే, తన ఖర్చుతో ఇంగ్లీషులోకి అనువదింపజేసి 1869లో ప్రచురింపజేశాడు. ఆ ఇద్దరూ ఒకరినొకరు ఎన్నడూ కలుసుకోలేదు, ఉత్తరాలతోనే స్నేహం. 1880లో బ్లూమెనావును వరద ముంచినప్పుడు, ముల్లర్ పుస్తకాలు, పరికరాలు పోయి ఉంటే డబ్బు పంపుతానని డార్విన్ రాశాడు.

ముల్లర్ చూపించినదాన్ని ఎర్నెస్ట్ హెకెల్ దూరం లాక్కెళ్లాడు. పిండం తన పూర్వీకుల రూపాలన్నిటినీ వరసగా తిరిగి నడుస్తుందన్నది 1866లో ఆయన సూత్రం. ఆ లెక్కన రొయ్య, పీతల తొలి పూర్వీకుడు నాప్లియస్ లాంటి జీవే అయ్యుండాలి. ఎంతోకాలం పాఠ్యపుస్తకాలు దీన్నే చెప్పాయి. ఒక జంతువు పిండం ఇతర జంతువుల ఎదిగిన రూపాలను పోలదు, వాటి పిండాలనే పోలుతుంది అని ఫాన్ బేయర్ 1828లోనే హెచ్చరించాడు. 1922లో వాల్టర్ గార్‌స్టాంగ్ హెకెల్ సూత్రాన్ని గట్టిగా ఖండించాడు. నాప్లియస్ తాతముత్తాతల బొమ్మ కాదు, నీటిలో ఈదడానికి పిండం సొంతంగా సమకూర్చుకున్న ఒళ్లు.

ముల్లర్ పేర్చిన మెట్లలో ఒక ఖాళీ ఉండిపోయింది. అవన్నీ సముద్రంలో విడివిడిగా దొరికినవి. గుడ్డు పెట్టిన తల్లిని పక్కన పెట్టుకుని, ఆ గుడ్డు నుంచి రొయ్య దాకా చూసినవాడు లేడు. అమెరికాలో విలియం కీత్ బ్రూక్స్ 1882లో లూసిఫర్ అనే చిన్న బంధు జాతిలో గుడ్డు నుంచి నాప్లియస్ రావడం చూశాడు. మన వైపు, మద్రాసు సముద్రపు నీటిని వడగట్టి అందులోని రొయ్య, పీత పిల్లలను ఓపిగ్గా గీసి వర్ణించిన ఎం. కృష్ణ మీనన్ వ్యాసం 1937లో మద్రాసు మ్యూజియం ప్రచురణగా వచ్చింది. నెల్లూరు ముంగిటి సముద్రం కూడా అదే. ఈ తీరంలో రొయ్య పిల్లలకు బొమ్మలు గీసిన తొలితరం మనిషిని ఇక్కడి హేచరీల్లో ఎవరూ తలుచుకోకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ఖాళీని పూరించినవాడు జపాన్‌కు చెందిన మోటోసాకు ఫుజినాగా. 1934లో ఆయన కురుమా రొయ్య తల్లులను తొట్టిలో ఉంచి గుడ్లు పెట్టించాడు. గుడ్డు నుంచి నాప్లి వచ్చింది. నాప్లి జోయా అయింది. జోయాలన్నీ చనిపోయాయి. ఏం తింటాయో తెలియదు. ఏళ్ల తరబడి ఇదే గోడ దగ్గర ఆగిపోయాక, స్కెలెటోనిమా అనే సూక్ష్మమైన నాచును విడిగా పెంచి పెడితే జోయా బతికింది. 1942లో, యుద్ధం మధ్యలో, ఆయన తన పరిశీలనలన్నిటినీ ఒక పెద్ద గ్రంథంగా ప్రకటించాడు. గుడ్డులోని ప్రతి విభజన నుంచి రొయ్య దాకా బొమ్మలతో సహా అందులో ఉంది. నేటికీ హేచరీ పాఠాలకు మూలం అదే. యుద్ధం ముగిశాక సెటో సముద్రం ఒడ్డున వాడకం పోయిన ఉప్పు మడుల్లో కురుమా సాగు మొదలైంది. ఇస్కపల్లి, కృష్ణపట్నం ఉప్పు కొటార్లు చూసినవారికి ఆ దృశ్యం ఊహించుకోవడం కష్టం కాదు. ఫుజినాగా దగ్గర నేర్చుకున్న తైవాన్ శాస్త్రవేత్త లియావ్ ఐ చియు 1968లో టైగర్ రొయ్యకు అదే పని చేశాడు. మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కేరళలోని నారక్కల్‌లో 1970ల్లో తెల్ల రొయ్య పిల్లలను పుట్టించింది.

మంచినీటి రొయ్య కథ కూడా ఒక్క ముక్కలో చెప్పాలి, ఎందుకంటే నెల్లూరు ఒకప్పుడు దానికీ పేరు పొందింది. మలేషియాలోని పెనాంగ్‌లో షావో వెన్ లింగ్ 1960ల మొదట్లో దాని పిల్లలను బతికించలేక తంటాలు పడ్డాడు. మంచినీటి జీవి కదా అని మంచినీళ్లలోనే పెట్టాడు, అవి చచ్చిపోతూనే ఉన్నాయి. చివరికి వంటింట్లోని సోయా సాస్ చుక్కలు వేస్తే బతికాయని చెబుతారు. కావలసింది అందులోని ఉప్పు. తల్లి నదిలో ఉన్నా పిల్ల ఉప్పునీటికి పుట్టింది.

ఇక మన తీరానికి వద్దాం. 1980ల చివరి దాకా తూర్పు తీరంలో గుంటలకు పిల్ల సముద్రం నుంచే రావాలి. పేద మత్స్యకార కుటుంబాలు ఏటి ముఖాల్లో సన్నటి వలలు వేసి రొయ్య పిల్లను ఏరేవి. వలలో పడిన మిగతా చేప పిల్లలు ఒడ్డునే చచ్చిపోయేవి. సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ విశాఖపట్నంలోనూ, ఒడిశాలోని గోపాలపూర్‌లోనూ హేచరీలు పెట్టి దారి చూపింది. 1991లో ముత్తుకూరులో మత్స్యశాస్త్ర కళాశాల వచ్చింది. వరి పండని చవుడు భూమికి ఒక్కసారిగా విలువ వచ్చింది. కండలేరు వెంట కంపెనీల గుంటలు, వాటి పక్కన చిన్న రైతుల గుంటలు. తీరంలో హేచరీలు.

1994 చివర్లో రొయ్యలు చావడం మొదలైంది. పెంకు మీద తెల్లమచ్చలు, మేత మానేసి గట్టు వారకు చేరడం, రోజుల్లో గుంట ఖాళీ. తైవాన్‌లో 1992లో, జపాన్‌లో 1993లో కనిపించిన వైరస్ మన దాకా వచ్చింది. నీళ్లు, గుంటలు, పక్షులు, అన్నిటినీ అనుమానించారు. కానీ ఒక దారి పుట్టుకకు ముందు నుంచే ఉంది. సముద్రంలో పట్టిన తల్లి టైగర్ రొయ్య పైకి ఆరోగ్యంగా కనిపిస్తూనే వైరస్‌ను మోస్తుంది. గుడ్లు పెట్టేటప్పుడు ఆ వైరస్ నీళ్లలోకి వచ్చి గుడ్లకూ నాప్లికీ అంటుతుంది. వేలకు వేలు పెట్టి కొన్న ఒక్క తల్లి లక్షల పిల్లకు రోగం పంచగలదు. గుడ్లనూ నాప్లినీ అయొడిన్ నీళ్లలో కడగడం, తల్లినీ పిల్లనూ పీసీఆర్ పరీక్షకు పంపడం అప్పటి నుంచి ఈ తీరంలో మామూలు పనులయ్యాయి. అంతకు ముందు పీసీఆర్ పేరు ఆస్పత్రుల్లో కూడా వినని ఊళ్లలో రైతులు పిల్ల కొనేముందు రిపోర్టు అడగడం నేర్చుకున్నారు.

1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల సాగు మీద ఇచ్చిన తీర్పు, 2005లో వచ్చిన కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం ఈ కథలో పెద్ద మలుపులే, కానీ అవి నీళ్లు, నేల, హక్కులకు సంబంధించినవి. ఇంకో రచయిత ఇంకో శీర్షికలో రాయవలసినవి.

మన విషయానికి సంబంధించిన మలుపు 2009లో వచ్చింది. పసిఫిక్ తీరపు వెనామీ రొయ్యకు ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. దాని గొప్ప రుచిలో లేదు, పుట్టుకలో ఉంది. అప్పట్లో టైగర్ తల్లిని ప్రతిసారీ సముద్రం నుంచి తేవలసి వచ్చేది, అది ఏం మోసుకొస్తుందో తెలిసేది కాదు. వెనామీ అలా కాదు, తరతరాలుగా తొట్టిలోనే పుట్టి, తొట్టిలోనే ఈడేరి, ఫలానా రోగాలు లేవని పరీక్షల్లో తేలిన వంశం. ఆ తల్లులు విమానంలో చెన్నై చేరతాయి, నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్షలయ్యాక నెల్లూరు, ప్రకాశం, గోదావరి జిల్లాల హేచరీలకు వెళ్తాయి. మన గుంటల్లో పెరిగే కోట్ల పిల్ల చరిత్రంతా అలా ఆ కొద్ది తల్లుల అండాశయాల నుంచే మొదలవుతుంది.

ఆ తల్లుల గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. రొయ్య కంటి కాడలో ఒక గ్రంథి ఉంది. అండాశయాన్ని పండనివ్వకుండా అదుపులో ఉంచే హార్మోన్ దాన్లో తయారవుతుంది. 1943లో ఫ్రాన్సులో పనూజ్ అనే శాస్త్రవేత్త రొయ్య కంటి కాడలు తీసేస్తే గుడ్లు త్వరగా పండుతాయని చూపించాడు. ఆ ఒక్క ప్రయోగం ప్రపంచంలోని చాలా హేచరీల పద్ధతి అయిపోయింది. తల్లి రొయ్య ఒక కంటి కాడను నలిపేస్తారు, లేదా కాల్చేస్తారు. కొద్ది రోజుల్లోనే గుడ్లు పండుతాయి, మళ్లీ మళ్లీ పండుతూనే ఉంటాయి. ఇది లేకుండా రొయ్య పిల్ల రాదని నాకు ఎందరో చెప్పారు. బ్రిటన్‌లోని స్టిర్లింగ్ విశ్వవిద్యాలయంతో కలిసి జరిగిన ఇటీవలి పరిశోధనలు వేరే మాట చెబుతున్నాయి. మగ, ఆడ నిష్పత్తి, మేత సరిచూసుకుంటే కన్ను తీయకుండానే పని జరుగుతుందనీ, అలాంటి తల్లుల పిల్ల రోగాన్ని మెరుగ్గా తట్టుకుందనీ తేల్చాయి. ఐరోపా కొనుగోలుదారులు ఇప్పటికే అడగడం మొదలుపెట్టారు. వాళ్లు అడగకపోయినా ఈ పద్ధతి పోవాలని నేను గట్టిగా కోరుకుంటాను. లక్షల ప్రాణాలకు మూలమైన తల్లి ఒంట్లో వెలుగు తీసేసి పొందే తొందర మనకు అక్కర్లేదు.

హేచరీ రాకముందు, దానితో సంబంధం లేకుండా ఇప్పటికీ, ఈ పనంతా చేస్తున్నది పులికాట్. చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. తల్లి తెల్ల రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. నాప్లి, జోయా, మైసిస్ దశలు సముద్రంలోనే గడుస్తాయి. పీఎల్ అయ్యాక ఆటుపోట్లతో ముఖద్వారం దాటి సరస్సులోకి వస్తుంది. లోతు తక్కువ, మేత ఎక్కువ, పెద్ద చేపల భయం తక్కువ. కొన్ని నెలలు అక్కడ పెరిగి, గుడ్డు పండే వయసుకు మళ్లీ సముద్రానికి బయల్దేరుతుంది. సరస్సు చుట్టూ ఉన్న మత్స్యకారులు వలలు కట్టేది ఆ రాకపోకల దారిలోనే. యానాదులు మోకాలి లోతు నీళ్లలో చేత్తో తడిమి రొయ్యలు పట్టేదీ ఆ దారిలోనే. ఫుజినాగా గ్రంథం చదవకుండానే వాళ్లకు ఏ నెలలో ఏ సైజు రొయ్య ఎటు కదులుతుందో తెలుసు.

ఈ దారికి గొంతు రాయదొరువు లాంటి ముఖద్వారాలు. అక్కడ ఇసుక మేట వేస్తే పీఎల్ లోపలికి రాదు, ఎదిగిన రొయ్య బయటికి పోదు. మేట తవ్వి ముఖద్వారం తెరవాలన్న పథకాల చర్చ ఏళ్లుగా సాగుతోంది. మనం గుంటలకు కట్టిన లెక్కల్లో ఈ సరస్సు చేసే పనికి ఒక్క గడి కూడా లేదు. చెన్నైలోని ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ, 1987లో పుట్టిన సీబా, ఇప్పుడు అదే తెల్ల రొయ్యను తరతరాలు తొట్టిలో పెంచి, మేలైన వంశాలను ఎంచే పనిలో ఉంది. 2022లో కేంద్రం దానికి ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద ఆమోదం ఇచ్చింది. విమానంలో వచ్చే తల్లుల మీద పూర్తిగా ఆధారపడకుండా ఉండాలంటే ఈ పని ఫలించాలి. అది ఫలించాలన్నా, కొత్త రక్తం కోసం ఎప్పటికప్పుడు వెళ్లవలసింది సముద్రంలోని తెల్ల రొయ్య దగ్గరికే, దాన్ని పెంచే సరస్సు దగ్గరికే.

వచ్చే భాగంలో ఇదే తీరంలో, ఇదే ఇసుకలో, ఇంకో గుడ్డు. ఆలివ్ రిడ్లే తాబేలు గుడ్డులోని పిండం ఆడదా, మగదా అన్నది తల్లిదండ్రుల బీజంలో ముందుగా రాసి ఉండదు. గుడ్డు చుట్టూ ఉన్న ఇసుక ఎంత వేడెక్కిందన్న దాన్ని బట్టి అది తేలుతుంది.